826 వలెన్షియా

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో, మిషన్ డిస్ట్రిక్ట్ అనే పేటలో 2002 ఏప్రిల్‌లో తెరిచిన ఉచిత రచనా కేంద్రం. 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు చదవడంలోనూ రాయడంలోనూ ఇక్కడ వాలంటీర్లు సాయం చేస్తారు. పేరులో గూఢార్థమేమీ లేదు. వలెన్షియా వీధిలో ఆ భవనం నంబరు 826. రచయిత డేవ్ ఎగ్గర్స్, ఉపాధ్యాయురాలు నీనివే కాలెగారి దీని వ్యవస్థాపకులు.

ఎగ్గర్స్ తల్లి టీచరు. స్నేహితుల్లోనూ బడిపంతుళ్లు చాలామందే. తరగతిలో ముప్పై మందికి పైగా ఉంటే ఒక్కొక్కరి పక్కన కూర్చుని రాత దిద్దడం ఎవరి తరమని వాళ్లు వాపోయేవారు. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడని పిల్లల సంగతి మరీ కష్టం. ఆయనకున్న మరో స్నేహబృందం రచయితలది, సంపాదకులది. వీళ్లు ఎప్పుడు పని చేసుకుంటారో వీళ్లిష్టం, మధ్యాహ్నాలు తీరిక. చేతులు చాలని టీచర్లకూ తీరికున్న రాతగాళ్లకూ లంకె వేయడమే ఈ కేంద్రం వెనకున్న ఆలోచన. ఏడాదికి 35, 40 గంటలు ఒక్కరి పక్కన ఒక్కరు కూర్చుంటే విద్యార్థి ఒక తరగతి మేర ముందుకు వెళ్తాడన్నది 2008లో ఎగ్గర్స్ ఒక ప్రసంగంలో చెప్పిన లెక్క.

అద్దెకు దొరికిన చోటు ఒకప్పటి వ్యాయామశాల. నగర నిబంధనల ప్రకారం ఆ వీధిలో ముందు భాగంలో ఏదో ఒకటి అమ్మి తీరాలి. పాత పైకప్పు పలకలు ఊడదీస్తే లోపల కలప దూలాలు బయటపడి, గది ఓడ కడుపులా కనిపించింది. అలా పుట్టింది సముద్రపు దొంగల సరంజామా కొట్టు. ఒంటి కంటికి కట్టుకునే నల్లగుడ్డ, గాజు కళ్లు, చేతికి తగిలించుకునే కొక్కేలు, తొట్టెడు పందికొవ్వు – అన్నీ అమ్మకానికే. భవనం ముఖం మీద బొమ్మల కథల చిత్రకారుడు క్రిస్ వేర్ గీసిన పెద్ద చిత్రం ఉంది. వెనక గదుల్లో ఎగ్గర్స్ స్థాపించిన ‘మెక్‌స్వీనీస్’ ప్రచురణ సంస్థ కార్యాలయం పెట్టారు.

కొట్టు వల్ల అసలు లాభం డబ్బు కాదు. ‘చదువులో వెనకబడ్డవారికి’ అని బోర్డు కట్టిన గడప తొక్కడానికి ఏ పిల్లాడికైనా సిగ్గే. దొంగల కొట్టులో దూరినవాడు దేనికి వెళ్తున్నాడో వీధిలో ఎవరికీ తెలియదు.

అయినా మొదట్లో ట్యూషన్‌కు ఒక్కరూ రాలేదు. ఈ భాగం కేంద్రం గురించి చెప్పే సరదా కథల్లో వెనక్కి పోతుంటుంది. ముక్కూమొహం తెలియనివాళ్లు, అదీ దొంగల కొట్టు వెనక, ఉచితంగా చదువు చెబుతామంటే ఏ తల్లిదండ్రులు నమ్ముతారు? పరిస్థితి మార్చింది కాలెగారి. ప్రభుత్వ బడుల్లో పాఠాలు చెప్పిన అనుభవం ఆమెది. కేంద్రం బాధ్యత తీసుకుని టీచర్లతో, తల్లిదండ్రులతో మాట్లాడి నమ్మకం సంపాదించారు. ఆ తర్వాత సాయంత్రాలు బల్లలు నిండిపోయాయి.

హోంవర్కు సాయంతో పాటు బడి వేళల్లో తరగతిని తరగతిగా రప్పించి కథ కట్టించే పద్ధతి ఒకటి ఉంది. పిల్లలు కలిసి చెబుతుంటే ఒక వాలంటీరు టైపు చేస్తారు, ఇంకొకరు బొమ్మలు వేస్తారు. కథ మంచి పట్టులో ఉండగా ఆపేస్తారు. ముగింపు ఎవరిది వాళ్లే రాసుకోవాలి. తలుపు వెనక కనిపించకుండా కసిరే ప్రచురణకర్త ఒకడు ఉంటాడు, అతన్ని మెప్పించాలి. చివరికి కుట్టిన పుస్తకం చేతిలో పట్టుకుని ఇంటికి వెళ్తారు. పెద్ద పిల్లల రచనలను నిజం పుస్తకాలుగానే అచ్చు వేశారు. థర్గుడ్ మార్షల్ హైస్కూలు విద్యార్థులు హింస గురించి రాసిన వ్యాసాల సంపుటి (2004)కి నవలా రచయిత్రి ఇసబెల్ అయెండే ముందుమాట రాశారు.

2004లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో రెండో కేంద్రం వచ్చింది, అక్కడి కొట్టు సూపర్‌హీరోలకు. లాస్ ఏంజెలస్‌లో కాలయాత్రికులకు, సియాటిల్‌లో అంతరిక్ష యాత్రికులకు, షికాగోలో గూఢచారులకు దుకాణాలు వెలిశాయి. వీటిని కలుపుతూ 2008లో జాతీయ సంస్థ ఏర్పడింది. అదే ఏడు ఎగ్గర్స్‌కు, ప్రసంగ సదస్సులు నడిపే టెడ్ సంస్థ బహుమతి వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోనే పేదరికం ఎక్కువున్న టెండర్‌లాయిన్ పేటలో 2016లో ఇంకొకటి తెరిచారు.

ఈ నమూనా చూసి విదేశాల్లోనూ కేంద్రాలు పుట్టాయి. లండన్‌లో రచయిత నిక్ హార్న్‌బీ తదితరులు 2010లో ‘మినిస్ట్రీ ఆఫ్ స్టోరీస్’ పెట్టారు, ముందు భాగంలో భూతాలకు సరుకులమ్మే కొట్టుతో. అంతకు ముందే, 2009లో, డబ్లిన్‌లో నవలాకారుడు రాడీ డాయిల్, షాన్ లవ్ కలిసి ‘ఫైటింగ్ వర్డ్స్’ మొదలుపెట్టారు. అక్కడ అమ్మే సరుకేమీ లేదు. పిల్లలు, వాలంటీర్లు, రాసుకునే బల్లలు మాత్రమే.