పాత మెగ్గరు, కొత్త బండి



పెట్రోలుతోను విద్యుత్తుతోను నడిచే హైబ్రిడ్ బండి నేటి వింత అనుకొనేవారు మనలో చాలామంది. వియన్నాలోని లోనర్ బళ్ల కార్ఖానాలో పనిచేసిన ఫెర్డినాండ్ పోర్షే 1900 ప్రాంతంలోనే అటువంటిదొకటి నిర్మించాడు. పెట్రోలు యంత్రాలు డైనమోలను తిప్పగా పుట్టిన విద్యుత్తుతో ముందు చక్రాలలోని మోటార్లు తిరిగేవి. (హైబ్రిడ్‌ను ‘సంకర వాహనం’ అని కొందరు తెనిగిస్తున్నారు. నా చెవికది ఇంపుగా లేదు.)

ఆ బండికంటె పాతది మరొక పనిముట్టు. ఇళ్లలోకి విద్యుద్దీపాలు ప్రవేశిస్తున్న కాలంలో, 1889లో, సిడ్నీ ఎవర్షెడ్ అనే ఆంగ్లేయుడు తీగల పైపూత ఎంత గట్టిదో కొలిచే యంత్రాన్ని రూపొందించాడు. తరువాత దాని వంశంలో పుట్టినదే చేతిపిడి తిప్పే ‘మెగ్గర్’. మెగోమ్ అంటే పది లక్షల ఓములు. మోటార్లు చుట్టే మన పనివారికి మెగ్గరు చిరపరిచితం.

ఈ రెండింటికి సంబంధమేమి? 1997 డిసెంబరులో జపానులో వెలువడిన ప్రియస్ బ్యాటరీ 288 వోల్టులది. 2003 నాటి రెండవ తరంలో బ్యాటరీ 201.6 వోల్టులకు తగ్గినా, దానిని 500 వోల్టుల వరకు పెంచే ఏర్పాటు వచ్చింది. మామూలు కారులో 12 వోల్టుల ఋణధ్రువాన్ని ఇనుప దేహానికే కలుపుతారు. ఇక్కడ అధిక వోల్టేజి ధ్రువాలు రెండింటినీ దేహానికి అంటనీయరు. ఒక తీగ పూత చెడి దేహాన్ని తాకినా, వలయం పూర్తికాదు గనుక ఎవరికీ దెబ్బ తగలదు. అపాయమంతా ఆ నిశ్శబ్దంలోనే ఉంది. అదే సమయంలో ఎవరైనా దేహంతోపాటు రెండవ ధ్రువాన్ని తాకితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే బండిలోని కంప్యూటరు ఆ మొదటి లోపాన్నే కనిపెట్టి, పి0ఎఎ6 అనే సంకేతంతో హెచ్చరిస్తుంది.

లోపమున్నదని అది చెబుతుంది గాని, ఎక్కడో ఆ సంకేతమొక్కటే తేల్చదు. మామూలు మల్టీమీటరు కొద్ది వోల్టులతోనే పరీక్షిస్తుంది. ఆ స్వల్ప ఒత్తిడికి నిబ్బరంగా నిలిచిన పూత వందల వోల్టుల వద్ద కారిపోవచ్చు. కనుక 500 వోల్టులతో పరీక్షించే ఎవర్షెడ్ సంతతే మళ్లీ దిక్కయింది. నేడు పిడి లేదు, అంకెలు వెలిగే తెర ఉంది. నారింజరంగు తీగలను విడదీసి, బ్యాటరీ, ఇన్వర్టరు, మోటారు, ఏసీ కంప్రెసరు ఒక్కొక్కదానినే వేరుచేసి చూడాలి.

కంప్రెసరు కథ విచిత్రం. దాని లోపలి తీగచుట్లు శీతలీకరణ నూనెలోనే మునిగి ఉంటాయి. ఎస్టర్ జాతి నూనె పోయవలసినచోట మామూలు కార్ల పిఎజి నూనె కొంచెం కలిసినా బంధకశక్తి పడిపోతుంది. నూనె చేసిన తప్పుకు బ్యాటరీని నిందించి మార్చడం ఎంత అన్యాయం!

వీటన్నిటికి ముందు సర్వీసు ప్లగ్గు లాగి, రబ్బరు చేతొడుగులతో, మోడలునుబట్టి అయిదు నుండి పది నిమిషాలు వేచి ఉండాలి. బ్యాటరీని విడదీసినా ఇన్వర్టరులోని కెపాసిటర్లలో విద్యుత్తు అంతవరకు నిలిచి ఉండవచ్చు. ఆపైన మీటరుతో కొలిచి, వోల్టేజి లేదని నిశ్చయించుకొన్నాకే చెయ్యి పెట్టాలి.