గుజరాతు దిగుడుబావులు

పశ్చిమ భారతమున చరిత్రప్రసిద్ధములైన నగరములను చూడబోవువారు సాధారణముగా కోటలను, మసీదులను, దేవాలయ శిఖరములను వెదకుచు తల యెత్తి నడచెదరు. గుజరాతు దేశమున తల వంచి చూడవలసిన కట్టడములును కలవు. అవి దిగుడుబావులు. అచ్చటి భాషలో వానిని వావ్ అందురు. సంస్కృతమందలి వాపీ శబ్దమే అందులకు మూలము. మన బావియు ఆ శబ్దమునుండి పుట్టినదే.

అహమ్మదాబాదునకు ఉత్తరముగా నూరు కిలోమీటర్లకు మించిన దూరమున పాటన్ కలదు. పూర్వము దాని పేరు అణహిలవాడ. సోలంకులని ప్రసిద్ధిచెందిన చాళుక్యరాజులకు అది రాజధాని. ఆ వంశమునందలి మొదటి భీమదేవుడు పదునొకండవ శతాబ్దమున రాజ్యము చేసెను. ఇంచుమించు ఆ కాలముననే మన రాజమహేంద్రవరమున మరియొక చాళుక్యుడు, రాజరాజనరేంద్రుడు, నన్నయభట్టుచే మహాభారతమును తెనిగింపజేయుచుండెను. భీమదేవుని రాణి ఉదయమతి పాటనులో దిగుడుబావి కట్టించెనని 1304 ప్రాంతమున మేరుతుంగుడు రచించిన ప్రబంధచింతామణి చెప్పుచున్నది. అదియే రాణీ కీ వావ్.

దాని పొడవు సుమారు 64 మీటర్లు, వెడల్పు 20 మీటర్లు, లోతు 27 మీటర్లు. తూర్పున ఆరంభమైన మెట్లు ఏడంతస్తులుగా దిగి పడమటి కొసనున్న నూతిని చేరును. గోడలపై ప్రధాన శిల్పములే ఐదువందలకు మించియున్నవి. విష్ణుని అవతారములు, శేషశాయి, అప్సరసలు అందు కన్నులపండువుగా నుందురు. దేవాలయమును తలక్రిందులుగా భూమిలో నిలిపిరా యనిపించును.

ఇంత శ్రమ యేల? ఆ ప్రాంతమున వానలు కొద్దినెలలే. తక్కిన కాలమున నీరు నేల అడుగుననే దొరకును. వేసవిలో మరింత క్రిందికి దిగును. మెట్లుండుటచే నీరు దిగినకొలది మనుష్యుడును దానివెంట దిగగలడు. కడవతో వచ్చిన యిల్లాలికి నీరును, బాటసారికి నీడయు, ఇరువురకును దైవదర్శనమును ఒక్కచోటనే లభించెను.

1411లో అహమ్మదుషా అహమ్మదాబాదును స్థాపించి రాజధానిని అచ్చటికి మార్చెను. పాటన్ వైభవము తగ్గెను. సరస్వతీనది వరదలు తెచ్చిన ఒండ్రుతో రాణి బావియు పూడిపోయెను. 1890 ప్రాంతమున బర్జెస్, కజిన్స్ అను పురాతత్త్వజ్ఞులు వచ్చినప్పుడు నుయ్యియు, కొన్ని స్తంభములును మాత్రమే పైకి కనబడెను. 1980 తరువాతి సంవత్సరములలో భారత పురాతత్త్వశాఖవారు మన్ను తొలగింపగా శిల్పములు పెక్కు చెక్కుచెదరక బయల్పడెను. పూడ్చిన మన్నే వానిని కాపాడినది! 2014లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను. 2018లో వెలువడిన నూరురూపాయల నోటు వెనుకనున్న చిత్రము ఈ బావిదే.

గాంధీనగరు సమీపమున అడాలజ్‌లో మరియొక బావి కలదు. ఐదంతస్తుల ఆ కట్టడము 1499 నాటిది; వాఘేలా వీరసింహుని భార్య రూడాబాయి పేర వెలసినది. అప్పటి పాలకుడు సుల్తాను మహమ్మదు బేగడా. హిందూ శిల్పసంప్రదాయమును, ఇస్లామీయ లతాలంకారమును ఒకే గోడపై పొత్తుగా నున్నవి. దప్పికకు మతభేదము లేదు గదా!

అయితే యాత్రికుడు గమనింపవలసిన దొకటి కలదు. శిల్పములు దక్కినవి, నీటి మాట యేమి? లోతైన గొట్టపుబావులు విస్తరించిన పిదప ఉత్తర గుజరాతులో భూగర్భజలము చాల క్రిందికి పోయినది. రాతిని ప్రభుత్వశాఖలు కాపాడగలవు. నేలలోని నీటిని కాపాడవలసినది దానిని వాడుకొను జనమే.

ఇది గుజరాతునకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. సికింద్రాబాదు బన్సీలాల్‌పేటలో ఏండ్లతరబడి చెత్తతో పూడియున్న దిగుడుబావిని శుభ్రపరచి 2022లో తిరిగి జనుల కందించిరి. చెత్త తీయగా నీరు మరల ఊరినది. మన యూళ్లలో ఇట్టి బావు లింకను ఎన్నియో కలవు. ఉదయమతి బావిని చూచి వచ్చినవారు తమ యూరి బావిలో చెత్త పడకుండ చూచిన చాలును. ఆ యాత్ర సఫలమైనట్లే.