ఒకసారి రుబ్బిన పిండి: పీహెచ్‌పీ వేగం పెరిగిన కథ

వెబ్‌సైటులో మీరు చూసే పేజీలు రెండు రకాలు. కొన్ని ముందే తయారుచేసి ఉంచినవి. మరికొన్ని మీరు అడిగిన తరువాత అప్పటికప్పుడు తయారయ్యేవి. పరీక్షా ఫలితాలు, ఉత్తరాల పెట్టె, దుకాణం బిల్లు వంటివి రెండో రకానికి చెందుతాయి. వీటిని తయారుచేయడానికి సర్వర్‌లో నడిచే చిన్న ప్రోగ్రామును స్క్రిప్టు అంటారు. స్క్రిప్టులు రాసే భాషల్లో బాగా వ్యాప్తిలో ఉన్నది పీహెచ్‌పీ. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను నడిపే మీడియావికీ కూడా ఈ భాషలో రాసినదే. ఈ పాఠంలో, పీహెచ్‌పీకి వేగం ఎలా వచ్చిందో, అది అందరికీ అందడానికి ఎందుకంత కాలం పట్టిందో తెలుసుకుందాం.

రాస్మస్ లెర్డార్ఫ్ తన సొంత వెబ్ పేజీ కోసం రాసుకున్న పనిముట్లను 1995లో అందరికీ విడుదల చేశాడు. పీహెచ్‌పీకి అదే ఆరంభం. తరువాత ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్ విద్యార్థులు ఆండీ గట్‌మన్స్, జీవ్ సురాస్కీ దానిని తిరగరాశారు. 1998లో మూడో వెర్షను, 2000 మే నెలలో నాలుగో వెర్షను వచ్చాయి. నాలుగో వెర్షనులోని జెండ్ ఇంజను స్క్రిప్టు మొత్తాన్ని ముందు ఆప్‌కోడ్ అనే సంకేతాల వరుసగా మార్చి, ఆ తరువాత నడుపుతుంది. పని పూర్తికాగానే ఆ సంకేతాలను పారవేస్తుంది. మరొకరు అదే పేజీ అడిగితే మళ్లీ మొదటి నుంచీ అంతా చేస్తుంది.

దోసె అడిగిన ప్రతివారి కోసం మళ్లీ పప్పు నానబెట్టి రుబ్బే హోటలును ఊహించుకోండి. రద్దీ వేళ అక్కడ ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఒకసారి రుబ్బిన పిండిని గిన్నెలో ఉంచుకుంటే చాలు కదా! సర్వర్ మెమరీలో ఆప్‌కోడ్‌ను అలా నిలవ ఉంచడాన్నే కాష్ అంటారు.

ఈ పనిచేసే అదనపు భాగాలను ఎక్స్‌టెన్షన్లు అంటారు. జెండ్ కంపెనీ ఇటువంటి దానిని డబ్బుకు అమ్మింది. ఉచితంగా దొరికేవాటిలో ఏపీసీ ఒకటి. దిమిత్రి స్టోగోవ్ రాసిన టర్క్ ఎంఎంకాష్ మరొకటి. ఆయన జెండ్‌లో చేరడంతో దాని అభివృద్ధి ఆగిపోయింది. అయితే దాని మూలకోడ్ బహిరంగంగా ఉంది కాబట్టి, ఇతరులు దానిని తీసుకుని 2004 చివరలో ఈయాక్సిలరేటర్‌గా కొనసాగించారు.

ఎక్స్‌టెన్షన్‌ను అమర్చడం ఎలా ఉండేదో చూడండి. మూలకోడ్ తెచ్చుకుని, తమ సర్వర్‌లోని పీహెచ్‌పీ వెర్షనుకు సరిపడేలా కంపైల్ చేయాలి. సెట్టింగుల ఫైలులో దాని పేరు చేర్చాలి. వెబ్ సర్వర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. వెర్షను సరిపడకపోతే అది లోడ్ కాదు. పైగా ఈ పనికి సర్వర్‌పై పూర్తి అధికారం ఉండాలి. ఒకే సర్వర్‌ను నలుగురితో పంచుకుని అద్దె కట్టే చిన్న సంస్థకు ఆ అధికారం ఎక్కడిది? సర్వర్ యజమాని అమర్చితే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అధికారమో డబ్బో ఉన్నవారికి వేగం దొరికేది. లేనివారు నిదానంగా నడిచే సైటుతోనే సర్దుకోవలసి వచ్చేది.

ఈ స్థితి 2013లో మారింది. జెండ్ తన ఎక్స్‌టెన్షన్ మూలకోడ్‌ను బహిరంగపరచింది. ఆ ఏడాది జూన్‌లో వచ్చిన పీహెచ్‌పీ 5.5తో పాటే అది ఆప్‌కాష్ అనే పేరుతో అందరికీ అందింది. ఏపీసీలో సమాచారాన్ని దాచుకునే భాగం మాత్రం ఏపీసీయూగా మిగిలింది. 2025 నవంబరులో వచ్చిన 8.5 వెర్షనులో ఆప్‌కాష్ విడదీయరాని భాగమైంది. అంటే, ఒకప్పుడు విడిగా తెచ్చి అమర్చుకోవలసినది ఇప్పుడు భాషతోనే వస్తోంది.

మీరు సర్వర్ చూసుకునేవారైతే రెండు సంగతులు గుర్తుంచుకోండి. మొదటిది: ఫైలు మారిందా అని ఆప్‌కాష్ మామూలుగా రెండు సెకన్లకోసారి చూస్తుంది. మరింత వేగం కోసం ఆ తనిఖీని ఆపేస్తే, మీరు స్క్రిప్టు దిద్దినా పాతదే నడుస్తుంది. వంటవాడు కొలత మార్చినా గిన్నెలో ఉన్నది పాత పిండే కదా! అందుకే దిద్దిన ప్రతిసారీ కాష్‌ను ఖాళీ చేయాలి. రెండవది: ఆప్‌కాష్ తగ్గించేది ప్రధానంగా స్క్రిప్టును సంకేతాలుగా మార్చే శ్రమను. డేటాబేసు నుంచి సమాధానం రావడం ఆలస్యమైతే దానికి ఇది మందు కాదు. పిండి సిద్ధంగా ఉన్నా, పొయ్యి మంట చాలకపోతే దోసె త్వరగా రాదు.