నగరం నడిబొడ్డున ఫ్లాట్ కొనేముందు: నీళ్లు, కాగితాలు, కులం

హైదరాబాద్‌లో ముషీరాబాద్, కవాడిగూడ, చిక్కడపల్లి, నల్లకుంట, అంబర్‌పేట వైపు ఫ్లాట్ల కోసం తిరుగుతున్నప్పుడు మాకు పదే పదే వినబడిన మాట ఒకటుంది. "రేటు తక్కువే సార్, పక్కన బస్తీ ఉంది కదా." బ్రోకర్ దాన్ని లోపంగా చెబుతాడు. ఆ లోపానికి తగ్గింపు ఇప్పిస్తున్నట్టు మాట్లాడతాడు. అదే భవనం వెనక గోడను ఆనుకుని పోతున్న నాలా గురించి మాత్రం మనం అడిగేదాకా నోరు విప్పడు.

మేము నగరంలో కులం, నివాసం మీద పరిశోధన చేస్తున్నవాళ్లం. మా కుటుంబంలో సొంత ఇంటి రిజిస్ట్రేషన్ కోసం మెట్లెక్కబోతున్న మొదటి తరం కూడా. మా తాతల ఇల్లు ఎక్కడ ఉండాలో ఊరే నిర్ణయించింది, వాళ్లను ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఎంచుకునే వీలు మన చేతికొచ్చింది. కానీ మన ఇళ్లలో ఒక ఫ్లాట్ అంటే అమ్మానాన్నల పీఎఫ్, చిట్టీ డబ్బులు, కుదువపెట్టిన బంగారం, ఇరవై ఏళ్ల ఈఎంఐ. ఆ కొనుగోలు తప్పితే ఆసరాకు వెనక ఇంకో ఆస్తి ఉండదు. అందుకే కొనేముందు ఏం చూడాలో, ఎక్కడ చూడాలో ఒకచోట రాస్తున్నాం.

'రిస్క్' ఎవరి లెక్క?

మార్కెట్ చెప్పే రిస్కుల జాబితాలో మనుషులు ముందుంటారు. బస్తీ, స్క్రాప్ దుకాణాలు, మాంసం కొట్లు, "ఆ జనం". నీళ్లు, భూమి హక్కు, కట్టడ అనుమతి చివర్లో వస్తాయి, లేదా రానే రావు. మన అనుభవంలో క్రమం తిరగబడాలి. ఇల్లు పోగొట్టేది నీళ్లు, కాగితాలు. బస్తీ వల్ల ఎవరి ఇల్లూ కూలలేదు.

పైగా బస్తీలు నాలాల పక్కన ఎందుకున్నాయి? పల్లపు నేల, ఎవరికీ అక్కర్లేని నేల మాత్రమే పేదలకు మిగిలింది కాబట్టి. ఆ పక్కనే ఐదంతస్తుల భవనం లేచిందంటే అది కూడా అదే పల్లంలో ఉన్నట్టు. ఆ నేల చరిత్ర బాగా తెలిసింది బస్తీవాళ్లకే. కాబట్టి వాళ్లను తప్పించుకుని పోవడం కాదు, మొదట వాళ్లనే అడగాలి.

నీళ్ల దారి

హుస్సేన్‌సాగర్ మిగులు నీటి నాలా కవాడిగూడ, దోమలగూడ, అశోక్‌నగర్, నల్లకుంట మీదుగా అంబర్‌పేట వైపు సాగి మూసీలో కలుస్తుంది. ఈ దారి పొడవునా వేలాది ఫ్లాట్లున్నాయి. 2000 ఆగస్టులో, 2020 అక్టోబరులో వచ్చిన వరదలు ఇక్కడి పల్లపు కాలనీలను ముంచాయి. నగరం ఎప్పటికీ మరచిపోలేనిది 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద. ఆ తర్వాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. జలాశయాలు కట్టినంత మాత్రాన నీళ్లు తమ దారి మరచిపోవు.

చూడాల్సినవి ఇవి. భవనం నుంచి నాలా, చెరువు, మూసీ ఎంత దూరం? 2012 నాటి జీవో 168 కట్టడ నియమాల ప్రకారం 10 మీటర్లకు మించి వెడల్పున్న నాలా అంచు నుంచి 9 మీటర్లు, అంతకన్నా తక్కువ వెడల్పుదైతే 2 మీటర్లు వదలాలి. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు. నగర పరిధిలో నది అంచు నుంచి 50 మీటర్లు. చెరువుల ఎఫ్‌టీఎల్ పటాలు హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో దొరుకుతాయి.

దీని బరువు 2024లో నగరమంతా చూసింది. ఆ జులైలో హైడ్రా ఏర్పడింది. సెప్టెంబరులో మూసీ ఒడ్డున మూసారాంబాగ్, చాదర్‌ఘాట్ వైపు ఇళ్ల గోడల మీద ఎర్రరంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని గుర్తులు పడ్డాయి. గుర్తు పడ్డవాటిలో రోజుకూలీల ఇళ్లే ఎక్కువ. అదే ఏడాది నవంబరు 13న సుప్రీంకోర్టు బుల్డోజర్ కూల్చివేతలపై తీర్పు ఇచ్చింది. కూల్చేముందు కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలంది. అయితే రోడ్డు, ఫుట్‌పాత్, రైల్వే లైను పక్క, నది, చెరువు వంటి చోట్ల ఉన్న అనధికార కట్టడాలకు ఆ రక్షణ వర్తించదని కూడా అందులోనే ఉంది. "మనది పెద్ద అపార్ట్‌మెంట్, ఎవరు ముట్టుకుంటారు" అన్న మాట మీద సంతకం పెట్టకండి.

పటం చూశాక మనుషులను అడగండి. వానాకాలంలో, అదీ గట్టి వాన పడిన సాయంత్రం ఒకసారి వెళ్లండి. సెల్లార్ గోడ మీద తేమ గీత ఎంత ఎత్తులో ఉందో చూడండి. సంపు రోడ్డుకంటే కిందుందా, లిఫ్ట్ మోటారు, కరెంటు మీటర్లు ఎక్కడున్నాయి, కిందటి వరదలో కార్లు ఎక్కడ పెట్టారు అని వాచ్‌మన్‌ను అడగండి. ఆ తర్వాత సందు చివర ఇస్త్రీ బండి దగ్గర, కిరాణా కొట్టు దగ్గర అడగండి. నీళ్లు ఎంత ఎత్తుకొచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపించేది వాళ్లే.

తాగునీటి సంగతీ మరవొద్దు. 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో మంచినీటిలో మురుగు కలిసి పలువురు చనిపోయారు. పాత నగర ప్రాంతాల్లో నీటి పైపు, డ్రైనేజీ పైపు పక్కపక్కనే పోతుంటాయి. నల్లా నీళ్లు వచ్చే రోజున, వచ్చే వేళకు వెళ్లి మొదటి బిందె రంగు, వాసన చూడండి.

భూమి ఎవరిది?

ఫ్లాట్ కొంటున్నామంటే గోడలతోపాటు ఆ భూమిలో విడదీయని వాటా కూడా కొంటున్నట్టు. దాన్నే యూడీఎస్ అంటారు. భవనం పాతబడి కూల్చే రోజు వస్తే మిగిలేది అదే. సేల్‌డీడ్‌లో మీ వాటా ఎన్ని గజాలో రాసి ఉండాలి. అన్ని ఫ్లాట్ల వాటాలు కూడితే స్థలం మొత్తానికి సరిపోవాలి. కొందరు బిల్డర్లు అనుమతి లేని పెంట్‌హౌస్‌కు కూడా వాటా రాసి అమ్ముతారు.

లింకు డాక్యుమెంట్లు కనీసం 30 ఏళ్లవి అడగండి. ఈసీ మీరే తీయించండి, అమ్మేవాళ్లు ఇచ్చిన జిరాక్సును నమ్మొద్దు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో నిషేధిత ఆస్తుల జాబితా ఉంటుంది. రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 22-ఎ కింద ప్రభుత్వ, వక్ఫ్, దేవాదాయ భూములు అందులో చేరుతాయి. హైదరాబాద్ పాత ప్రాంతాల్లో సర్వే నంబరు ఒక్కటే చాలదు, టౌన్ సర్వే రికార్డులో ఆ స్థలం ఎవరి పేరున ఉందో చూడాలి.

ఇక్కడ మనకు ప్రత్యేకంగా పట్టాల్సింది అసైన్డ్ భూమి. 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం ప్రకారం, భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అలాంటి భూమిని అమ్మినా ఆ అమ్మకం చెల్లదు, కొన్నవాళ్లకు హక్కు రాదు. నగరం పెరిగేకొద్దీ ఇలాంటి భూములు ఎన్నో చేతులు మారాయి. అవి ఎవరికి ఇచ్చినవో, ఎవరి చేతుల్లోంచి జారాయో మనకు తెలుసు. మన వాడల నుంచి పోయిన భూమి మీద లేచిన ఫ్లాట్‌ను మనమే అప్పుచేసి కొనడం కంటే పెద్ద నష్టం ఏముంటుంది? కాగితం సరిచూడటం డబ్బు జాగ్రత్త మాత్రమే కాదు, నైతిక బాధ్యత కూడా.

కట్టడం, అనుమతి

జీహెచ్‌ఎంసీ మంజూరు చేసిన ప్లాన్ అడిగి, కళ్లముందున్న భవనంతో పోల్చండి. అంతస్తులు ఎన్ని, సెట్‌బ్యాక్ ఎంత, సెల్లార్‌లో పార్కింగ్ ఉందా దుకాణాలున్నాయా? ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ఓసీ, ఉందా? ఓసీ చూశాకే బ్యాంకులు ఇంటి రుణం ఇవ్వాలని, కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్లు కూడా ఆ తర్వాతేనని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో చెప్పింది. "2015లో బీఆర్‌ఎస్‌కు దరఖాస్తు పెట్టాం" అని రశీదు చూపిస్తారు. దరఖాస్తు రశీదు క్రమబద్ధీకరణ ఉత్తర్వు కాదు.

కొత్త ప్రాజెక్టు అయితే రెరా నంబరు చూడండి. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా నమోదు తప్పనిసరి. నమోదైన ప్రాజెక్టులో అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. అప్పగించిన ఐదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే సరిచేయాలి. నగరం నడిబొడ్డున అమ్మకానికొచ్చే ఫ్లాట్లలో చాలావరకు పాతవి. వాటికి ఈ రక్షణ ఉండదు. అలాంటప్పుడు ఒక సివిల్ ఇంజినీరును తీసుకెళ్లి పిల్లర్లు, స్లాబు, తుప్పు పట్టిన ఊచలు చూపించడం ఉత్తమం.

"బ్యాంకు లోను ఇస్తోందంటే కాగితాలు క్లియరే" అంటారు. బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు డబ్బు భద్రత. మీ వైపు నుంచి వేరే న్యాయవాదిని పెట్టుకోండి.

గేటు లోపల కులం

ఏ చెక్‌లిస్టులోనూ కనబడని రిస్కు ఇది. ఇంటిపేరు అడుగుతారు, సొంతూరు అడుగుతారు, "ఏం వండుకుంటారు?" అని నవ్వుతూ అడుగుతారు. మాకు ఒకచోట ధర కుదిరి, టోకెన్ అడ్వాన్స్ మాట్లాడుకున్నాక, పేర్లు రాసిచ్చిన మర్నాడు "ఓనర్‌గారు అమ్మడం లేదట" అని కబురొచ్చింది. ఫ్లాట్ ఆ తర్వాత కూడా నెలలపాటు అమ్మకంలోనే ఉంది. రుజువు లేదు. ఇలాంటివాటికి ఎప్పుడూ ఉండదు.

ఇది మా ఒక్కరి అనుమానం కాదని చెప్పే పరిశోధన ఉంది. సుఖదేవ్ థోరట్, ఆయన సహ పరిశోధకులు ఢిల్లీ పరిసరాల్లో అద్దె ఇళ్ల మీద చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో ఫోన్‌లోనూ, నేరుగానూ ఇల్లు అడిగి చూశారు. ఆధిపత్య కులాల పేర్లకు దొరికిన ఆదరణ దళితుల పేర్లకు దొరకలేదు, ముస్లింల పేర్లకు ఇంకా తక్కువ.

చట్టం ఎంతవరకు అండగా ఉంటుందో స్పష్టంగా తెలుసుకోవాలి. కులాన్ని బట్టి అమ్మకం నిరాకరించడాన్ని నేరంగా చెప్పిన నిబంధన రెరా చట్టంలో లేదు. 2005లో జొరాస్ట్రియన్ సహకార గృహ సంఘం కేసులో, సభ్యత్వాన్ని తమ సమాజానికే పరిమితం చేసుకున్న సంఘం నియమాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. కానీ కొని లోపలికి వెళ్లాక పరిస్థితి వేరు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో వచ్చిన సవరణ దారి, నీళ్లు, ఉమ్మడి వనరుల వాడకాన్ని అడ్డుకోవడాన్ని, సామాజిక బహిష్కరణను నేరాలుగా చేర్చింది. కులం పేరుతో దూషణ నలుగురి కంటబడే చోట జరిగి ఉండాలి. భవనం గేటు దగ్గర జరిగిన దూషణ ఆ కిందికి వస్తుందని 2008లో స్వరణ్ సింగ్ కేసులో, బయటివాళ్లు ఎవరూ లేకుండా నాలుగు గోడల మధ్య జరిగితే రాదని 2020లో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అపార్ట్‌మెంట్ బతుకులో ఈ తేడా చాలా ముఖ్యం. అవమానం ఎక్కడ జరిగింది, ఎవరు చూశారు అనేది అదే రోజు రాసిపెట్టుకోండి.

కొనేముందే అసోసియేషన్ బైలాస్ చదవండి. లిఫ్టు, టెర్రస్, పార్కింగ్, మాంసాహారం మీద ఏం రాశారు? పనిమనుషులకు వేరే లిఫ్టు, వేరే గ్లాసు ఉన్నాయా? పనివాళ్లను అలా చూసే భవనం రేపు మనింటికొచ్చే చుట్టాలను ఎలా చూస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

అడ్వాన్స్ ఇచ్చేముందు

• గట్టి వాన పడిన రోజు, నల్లా వచ్చే రోజు, ఒక ఆదివారం: కనీసం మూడుసార్లు వెళ్లి చూడాలి.
• నాలా, చెరువు హద్దు నుంచి దూరం కొలిపించాలి.
• 30 ఏళ్ల లింకు డాక్యుమెంట్లు, ఈసీ, 22-ఎ జాబితా, టౌన్ సర్వే రికార్డు సరిచూడాలి.
• మంజూరు ప్లాన్, ఓసీ, యూడీఎస్ గజాలు కాగితం మీద ఉండాలి.
• ఆస్తిపన్ను, నీటి బిల్లు, కరెంటు, మెయింటెనెన్స్ బకాయిలు లేవని రాయించుకోవాలి.
• డబ్బు చెక్కుగానో, ఆన్‌లైన్‌లోనో ఇవ్వాలి. ఏ కారణంతో అమ్మకం ఆగితే అడ్వాన్స్ తిరిగొస్తుందో అగ్రిమెంటులో ఉండాలి.
• భవనంలో రెండు కుటుంబాలతో, పక్క బస్తీలో రెండు కుటుంబాలతో మాట్లాడాలి.

మేము చివరికి బయానా ఇచ్చిన ఫ్లాట్ మెరక మీదుంది. ఓసీ ఉంది, యూడీఎస్ లెక్క కుదిరింది. పక్కన బస్తీ ఉంది. 2020లో నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చి ఆగాయో మాకు చూపించింది ఆ బస్తీలో టీకొట్టు నడిపే అక్క. బ్రోకర్ మాత్రం ఇప్పటికీ ఆ బస్తీ వల్లే మాకు రేటు తగ్గిందంటాడు.