ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు

తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు అండగా నిలిచే సమావేశాలివి. 1935లో అమెరికాలోని ఆక్రన్ నగరంలో స్టాక్ బ్రోకర్ బిల్ విల్సన్, శస్త్రవైద్యుడు బాబ్ స్మిత్ వీటికి నాంది పలికారు. ఇద్దరూ తాగుడుతో నలిగినవారే. అందుకే ఇక్కడ ఉపదేశం కన్నా అనుభవానికే విలువ.

చేరడానికి మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. రుసుము లేదు, పూర్తి పేరు చెప్పనక్కర్లేదు. మొదటిరోజు నోరు విప్పకుండా వింటూ కూర్చున్నా చాలు. అదీ చిన్న అడుగేమీ కాదు. ‘ఓపెన్’ సమావేశానికి ఎవరైనా వెళ్లవచ్చు. ‘క్లోజ్డ్’ మాత్రం మద్యం మానాలనుకునేవారికే. కుటుంబసభ్యుల కోసం అల్-అనాన్ 1951లో ఏర్పడింది.

హైదరాబాద్, విశాఖపట్నంలోనూ బృందాలున్నాయి. వేళలు ముందే కనుక్కోవాలి. ఒకచోట నప్పకపోతే మరోచోటికి వెళ్లాలి.

ఏళ్లతరబడి రోజూ తాగినవారు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు; ముందు డాక్టర్‌ను కలవాలి. కేంద్ర ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్: 14446.