సీతంపేట మన్యంలో ఉన్నత పాఠశాల విద్యార్థులకు విదేశీ భాషాధ్యయన అవకాశాలు

సీతంపేట సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ పరిధిలోని గ్రామాలలో సవరలు అధికంగా నివసిస్తున్నారు. 2022 ఏప్రిల్ 4 వరకు శ్రీకాకుళం జిల్లాలో ఉన్న సీతంపేట, ఆనాటి నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో అంతర్భాగమైనది.

నేపథ్యం:
సవర భాష ముండా శాఖకు చెందినది. ద్రావిడ భాష కాదు. కావున సవర బాలబాలికలకు బడిలోని తెలుగే రెండవ భాష. ఈ ఇబ్బందిని గుర్తించిన గిడుగు వెంకట రామమూర్తి (1863-1940) సవర నేర్చి, వారికై పాఠశాలలు నెలకొల్పి, వాచకాలు రచించారు. 1938లో ఆయన సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడినది. 2004 నుండి ప్రాథమిక పాఠశాలలలో సవర సహా ఎనిమిది గిరిజన భాషలలో, తెలుగు లిపిలో బోధన ప్రవేశపెట్టబడినది.

అవకాశాలు:
రాష్ట్ర పదవ తరగతి పరీక్షలో సాధారణంగా తెలుగు, హిందీ, ఇంగ్లీషు భాషా విషయాలు. కేంద్ర మాధ్యమిక విద్యా మండలి విషయాల జాబితాలో ఫ్రెంచి, జర్మన్, జపనీస్, స్పానిష్, రష్యన్ తదితర భాషలున్నవి. జాతీయ విద్యావిధానం-2020 మాధ్యమిక స్థాయిలో కొరియన్, థాయి, పోర్చుగీసు భాషలను సైతం పేర్కొన్నది. అయితే త్రిభాషా సూత్రంలో కనీసం రెండు భారతీయ భాషలుండాలని నిర్దేశించినందున, ఇవి ఇంగ్లీషుకు అదనపు అవకాశాలుగానే పరిగణింపదగినవి.

గమనింపదగిన అంశాలు:
సవర విద్యార్థికి ఇంగ్లీషు నాలుగవ భాష. ఫ్రెంచి వంటిది ఐదవది. జాబితాలో భాష ఉన్నంత మాత్రాన పాఠశాలలో బోధన లభించదు. అర్హుడైన ఉపాధ్యాయుడు, పాఠ్యపుస్తకాలు, పరీక్షకు గుర్తింపు మూడూ సమకూరిననాడే అది విద్యార్థికి నిజమైన అవకాశమగును. మాతృభాషలో గట్టి పునాది పడినచో తదుపరి భాషల అభ్యసనం సులభతరమగును.