ఏజెన్సీ ఎక్కడ మొదలవుతుంది?

మాది కూసుమంచి అంటే హైదరాబాదులో ఎవరికీ తెలియదు. ఖమ్మం జిల్లా అని చేరిస్తే "ఓహో, ఏజెన్సీయా" అంటారు. కూసుమంచిలో కాకతీయుల నాటి శివాలయం ఉంది, పక్కనే పాలేరు జలాశయం, సాగర్ ఎడమ కాల్వ ఉన్నాయి. అడవి లేదు. మా లెక్కలో ఏజెన్సీ అంటే ఖమ్మం దాటి, కొత్తగూడెం కూడా దాటాక వచ్చేది. కొత్తగూడెం వాళ్లనడగండి, "మాదెందుకవుద్ది, భద్రాచలం అవతల" అంటారు.

అసలీ మాటలో కొండా లేదు, అడవీ లేదు. ఉన్నదల్లా ఒక కొలువు. 1839లో కంపెనీ ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు చట్టాల నుంచి తప్పించి, గవర్నరు ఏజెంటు హోదాలో కలెక్టరుకే అప్పజెప్పింది. మైదానంలో కలెక్టరు, ఘాటెక్కితే ఏజెంటు, మనిషి ఒక్కడే. ఆ ఏజెంటు ఏలుబడిలోని నేల ఏజెన్సీ అయింది. మనకు అంతకుముందే మన్నెం అనే చక్కటి మాట ఉంది. అది దొరల పేర్ల పక్కనా పాటల్లోనూ మిగిలింది. బదిలీ అయిన పంతులు మాత్రం "ఏజెన్సీలో వేశారయ్యా" అనే వాపోతాడు. జ్వరాలకు సైతం ఏజెన్సీ పేరే తగిలించాం. గవర్నరు ఏజెంటు పోయాడు, ఆయన హోదా మాత్రం ఊరి పేరులా నిలిచింది.

భద్రాచలానికి ఈ మాట ఆలస్యంగా వచ్చింది. గోదావరి ఎడమ గట్టున ఉన్న ఆ తాలూకా 1860 దాకా నిజాముది. ఆ ఏడు ఒప్పందంలో ఇంగ్లీషువాళ్ల చేతికి పోయి, కొన్నాళ్లు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు చేరింది. ఇవతలి గట్టున బూర్గంపాడు, పాల్వంచ నిజాం కిందే ఉన్నాయి. అక్కడ మద్రాసు గవర్నరూ లేడు, ఆయన ఏజెంటూ లేడు. కోయగూడేలు మాత్రం రెండు గట్లనా ఉన్నాయి. 1953లో వరంగల్ నుంచి విడిపడి ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరి నుంచి వచ్చి అందులో కలిశాయి. ఏజెన్సీ అనే మాట కూడా వాటి వెంటే ఏరు దాటి వచ్చిందని నా అనుమానం.

తర్వాతి గీతలు మన కళ్లముందే పడ్డాయి. 2014లో పోలవరం ముంపు పేరిట కూనవరం, చింతూరు, కుక్కునూరు వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం ఊరు తెలంగాణలో ఉండిపోయింది, ఆనుకునే ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం అటు పోయాయి. రాములవారి గుడి ఇక్కడ, పురుషోత్తపట్నంలోని ఆయన మాన్యం అక్కడ. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయ్యాక, ఖమ్మం జిల్లాలో భద్రాచలమే లేదు. కూసుమంచివాళ్లను ఏజెన్సీవాళ్లని పిలవడానికి ఉన్న ఆ కాస్త సాకూ పోయింది. పిలుపు మాత్రం పోలేదు.

జిల్లాలు ఎన్నిసార్లు మారినా కదలని హద్దు ఒకటుంది. అది 1950లో రాష్ట్రపతి ఉత్తర్వులతో ఖరారైన షెడ్యూల్డు ప్రాంతాల జాబితా. నిజాం వైపు తాలూకాల్లో దాన్ని ఊరూరా పేర్లు చూసి గీశారు. ఇల్లెందు తాలూకా పల్లెలు అందులో ఉన్నాయి, ఇల్లెందు ఊరిని మినహాయించారు. అడవి కొట్టేసి పత్తి వేసినా పల్లె జాబితాలోంచి జారిపోదు. జనం 'వన్ ఆఫ్ సెవెంటీ' అనే 1970 నాటి భూబదలాయింపు నిబంధన ప్రకారం అక్కడి భూమిని గిరిజనేతరులు కొనకూడదు, అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే. నా దృష్టిలో ఏజెన్సీకి ఇవాళ్టి అసలు అర్థం ఇదే.

కనుక ఆ వైపు ఎకరం బేరమాడే పెద్దమనుషులకు ఒక మాట. చుట్టూ చెట్లున్నాయా లేవా అని చూడకండి. బయానా ఇచ్చేముందే ఊరి పేరు జాబితాలో ఉందేమో చూసుకోండి.